ఎక్కడో యుద్ధం జరిగితే వలసల మీద మనిషి అభిప్రాయం నిజంగా మారుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాలేజీ రోజుల నుంచి తెలిసిన మీ స్నేహితుడు ఒకప్పుడు శరణార్థుల పక్షాన గట్టిగా వాదించేవాడు. పదేళ్లుగా సిరియా, ఉక్రెయిన్, గాజా వార్తలు చూసి చూసి ఇప్పుడు ‘ఇక ఒక్కరిని కూడా రానివ్వకూడదు’ అంటున్నాడు. ఓటు వేసే పార్టీని కూడా మార్చేశాడు. తాను ఎన్నడూ అడుగుపెట్టని దేశంలో జరిగే హింస ఒక మనిషి రాజకీయాన్ని ఇంతగా తిప్పేస్తుందా, లేక అతను లోపల మొదటి నుంచీ ఇంతేనా?

సూటిగా చెప్పాలంటే రెండూ కాదు. దూరదేశపు యుద్ధం చాలామందిలో అభిప్రాయాన్ని మార్చదు, ఆ అభిప్రాయం బరువును మారుస్తుంది. అప్పటిదాకా మనసులో పదో స్థానంలో ఉన్న విషయం ఒకటో స్థానానికి వస్తుంది. దాంతో ఓటు మారుతుంది. ఓటు మారాక, పన్నుల మీదా పోలీసుల మీదా ఉన్న మిగతా అభిప్రాయాలు మెల్లగా కొత్త పార్టీకి తగ్గట్టు సర్దుకుంటాయి. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం మనిషి మొత్తం మారిపోయినట్టు అనిపిస్తుంది.

నేను పదిహేడేళ్లుగా అభిప్రాయ సేకరణ పనిలో ఉన్నాను. మొదటి మూడేళ్లు ఫోన్ పట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్లను ప్రశ్నలడగడమే ఉద్యోగం. తర్వాత ప్రశ్నావళులు రాయడం, వచ్చిన జవాబుల్ని జల్లెడ పట్టడం. ఇందులో ఎక్కువ భాగం యూరప్ దేశాల్లో వలసల మీద చేసిన సర్వేలే. రాజకీయ సిద్ధాంతం చెప్పేంత చదువు నాకు లేదు. ఒకే ప్రశ్నకు ఒకే మనిషి ఒక ఏడాది ఏం చెప్పాడు, మూడేళ్ల తర్వాత ఏం చెప్పాడు అన్నది మాత్రం వేల కాగితాల్లో చూశాను.

అలా చూసినవాటిలో ఒకటి చెబుతాను. ఒకే మనుషుల్ని ఏటా పలకరించి అవే ప్రశ్నలడిగే పద్ధతిని మేం ప్యానెల్ అంటాం. అలాంటి ఒక ప్యానెల్‌లో రిటైరైన బస్సు డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. ‘వలసలు పెరగాలా, తగ్గాలా, ఇప్పుడున్నట్టే ఉండాలా’ అని 2013లో అడిగితే ‘తగ్గాలి’ అన్నాడు. 2014లో అదే మాట. 2016లోనూ అదే మాట. కానీ ‘దేశం ముందున్న పెద్ద సమస్య ఏది’ అన్న ప్రశ్నకు మొదటి రెండుసార్లు పెన్షన్ అన్నాడు, మూడోసారి వలసలు అన్నాడు. నలభై ఏళ్లుగా ఓటేస్తున్న వామపక్ష పార్టీని ఆ ఏడాదే వదిలేశాడు. పత్రికల లెక్కలో ఈయన ‘కుడివైపు మళ్లిన ఓటరు’. ఆయన కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, వలసల మీద ఆయన అభిప్రాయం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఏది ముందు, ఏది వెనక అన్న వరస ఒక్కటే మారింది.

దేశాల స్థాయిలో లెక్క తీసినా ఇంతే. 2015లో పది లక్షల మందికి పైగా సముద్రం దాటి యూరప్ చేరారు. వాళ్లలో ఎక్కువమంది సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు. ఆ ఏడాది చివర్లో యూరోబారోమీటర్ సర్వేలో 58 శాతం మంది యూరోపియన్ యూనియన్ ముందున్న ముఖ్య సమస్యల్లో వలసలను పేర్కొన్నారు. అంతకుముందు ఏ అంశానికీ అంత ఏకాభిప్రాయం కనిపించడం అరుదు. అదే కాలంలో ‘వలసదారులు దేశానికి మేలు చేస్తారా, కీడు చేస్తారా’ లాంటి ప్రశ్నలకు వచ్చిన జవాబులు చాలా దేశాల్లో పెద్దగా మారలేదు. రెండు గీతల్నీ ఒకే కాగితం మీద గీస్తే ఒకటి కొండలా లేస్తుంది, రెండోది చెరువు నీళ్లలా ఉంటుంది. ఎన్నికల ఫలితాలు ఆ కొండను అనుసరిస్తాయి. జర్మనీలో ఏఎఫ్‌డీ పార్టీ 2013లో యూరో కరెన్సీకి వ్యతిరేకంగా పుట్టింది. ఆ ఏడాది 4.7 శాతం ఓట్లతో పార్లమెంటు గడప దగ్గరే ఆగిపోయింది. 2017లో 12.6 శాతంతో 94 సీట్లు గెలిచింది. 2025లో 20.8 శాతానికి చేరింది.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటి ఉంది. ఆ పార్టీని స్థాపించిన ఆర్థికవేత్త నాయకుడు 2015 జూలైలోనే పార్టీ లోపలి ఎన్నికలో ఓడిపోయాడు. అంటే శరణార్థుల రాక ఉధృతం కాకముందే, ‘సరిహద్దులు మూయాలి’ అనే వర్గం పగ్గాలు చేతికి తీసుకుంది. యుద్ధం జనం మనసులో ఒక విషయాన్ని పైకి తెచ్చే సమయానికి దాన్ని అందుకోవడానికి ఒక పార్టీ చేతులు చాచి సిద్ధంగా ఉంది. ఆ చేతులు లేని దేశాల్లో అదే కోపం, అదే భయం కొన్నాళ్లు చెలరేగి ఎటూ పోకుండా ఆవిరయ్యాయి. యుద్ధం ఒక్కటే సరిపోదు, దాన్ని ఓటుగా మార్చే పార్టీ కూడా కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మీ స్నేహితుడు ఒకప్పుడు శరణార్థుల పక్షాన ఉండేవాడు కదా, మరి అతని అభిప్రాయం మారలేదని ఎలా అంటావని మీరు అడగవచ్చు. నా అనుభవంలో వలసల మీద ఒకే ఒక్క అభిప్రాయం ఉన్నవాళ్లు తక్కువ. నూటికి డెబ్భై, ఎనభై మంది బుర్రలో రెండు మాటలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయని నాకు అనిపిస్తుంది (ఇది సర్వే లెక్క కాదు, నా అంచనా). ఒకటి, ‘ప్రాణభయంతో వచ్చినవాళ్లను ఆదుకోవాలి’. రెండు, ‘ఎవరు వస్తున్నారో, ఎంతమంది వస్తున్నారో ప్రభుత్వానికి తెలిసి ఉండాలి’. మామూలు రోజుల్లో రెండూ గొడవ పడకుండా ఉంటాయి. ఒక సంఘటన ఏదో ఒకదాన్ని తట్టి లేపుతుంది.

2015నే తీసుకోండి. సెప్టెంబర్ 2న టర్కీ తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన మూడేళ్లలోపు పిల్లవాడి ఫోటో ప్రపంచమంతా చూసింది. మొదటి మాట లేచి నిలబడింది. రైల్వే స్టేషన్లలో జనం బొమ్మలు, బట్టలు పట్టుకుని శరణార్థులకు ఎదురెళ్లారు. నవంబర్ 13న ప్యారిస్‌లో దాడులు జరిగి 130 మంది చనిపోయారు. రెండో మాట లేచింది. అమెరికాలో ముప్పైకి పైగా రాష్ట్రాల గవర్నర్లు సిరియా శరణార్థులు తమకు వద్దని ప్రకటించారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్నది పది వారాల పైచిలుకే. అంత తక్కువ కాలంలో కోట్లమంది విలువలు మార్చుకున్నారంటే నేను నమ్మను. లోపల రెండూ ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చాయి, అంతే.

ఇది నాకు పుస్తకంలో కాదు, నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. ఒక సర్వేలో వలసల ప్రశ్నకు ముందు యుద్ధం గురించి రెండు మూడు ప్రశ్నలు పెట్టాను. సగం మందికి బాంబుల కింద నలిగిన ఊళ్లలోని కుటుంబాల గురించిన ప్రశ్నలు ముందు వెళ్లాయి, మిగతా సగానికి యుద్ధరంగం నుంచి తిరిగొచ్చే సాయుధుల గురించిన ప్రశ్నలు ముందు వెళ్లాయి. వలసల మీద అసలు ప్రశ్న మాత్రం ఇద్దరికీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. జవాబులు చూస్తే ఇవి రెండు వేర్వేరు దేశాల సర్వేలేమో అనిపించింది. ఆ డేటా మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది, నాకు గట్టిగానే చివాట్లు పడ్డాయి. తర్వాత ఆలోచిస్తే, టీవీ వార్తలు రోజూ చేసేది సరిగ్గా ఇదే. ఏ ప్రశ్న ముందు అడగాలో అవి నిర్ణయిస్తాయి.

జాలి వేరు, గేటు తెరవడం వేరు. దీనికి నాకు తెలిసిన అతి కఠినమైన ఉదాహరణ 1938 నాటిది. ఆ నవంబర్‌లో జర్మనీలో యూదుల ఇళ్ల మీద, ప్రార్థనా మందిరాల మీద దాడులు జరిగాక గాలప్ సంస్థ అమెరికన్లను అడిగింది. నాజీలు యూదులతో వ్యవహరిస్తున్న తీరును 94 శాతం మంది ఖండించారు. మరి అక్కడినుంచి ఎక్కువమంది యూదుల్ని అమెరికాలోకి రానిద్దామా అంటే 70 శాతానికి పైగా వద్దన్నారు. రెండు నెలల తర్వాత, జర్మనీ నుంచి 10 వేల మంది పిల్లల్ని తీసుకోవడం గురించి అడిగినా 61 శాతం ‘వద్దు’ అనే చెప్పారు. హింసను అసహ్యించుకోవడానికి, ఆ హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్లను పక్కింట్లోకి రానివ్వడానికి మధ్య ఎంత దూరం ఉందో ఈ మూడు అంకెలు చెబుతాయి. మీ స్నేహితుడు యుద్ధాన్ని చూసి ఇప్పటికీ బాధపడుతూ ఉండొచ్చు. ఆ బాధ చూసి అతను మారలేదని మీరు అనుకోవద్దు, గేటు మూయమన్నాడని బాధ లేదనీ అనుకోవద్దు.

మరి కొన్నిసార్లు గేటు ఎందుకు తెరుచుకుంటుంది? ఎవరి నుంచి పారిపోయి వస్తున్నారన్నది చాలా పెద్ద కారణం. 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీలోకి దూరినప్పుడు దాదాపు 2 లక్షల మంది దేశం వదిలారు. వాళ్లలో సుమారు 38 వేల మందిని అమెరికా తీసుకుంది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో కమ్యూనిజం నుంచి పారిపోయి వచ్చిన ప్రతి మనిషీ ‘మన పద్ధతే మంచిది’ అనడానికి నడిచొచ్చిన సాక్ష్యం. అందుకే ఆ రోజుల్లో కుడిపక్షంవాళ్లే శరణార్థులకు తలుపు తీశారు. 1975లో సైగాన్ పతనమయ్యాక వియత్నాం నుంచి సుమారు లక్షా 30 వేల మందిని తీసుకోవాలని పట్టుబట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు ఫోర్డ్. సర్వేల్లో సగానికి పైగా జనం వద్దన్నారు, అప్పటి కాలిఫోర్నియా డెమొక్రాటిక్ గవర్నర్ కూడా అభ్యంతరం చెప్పాడు. ఈ రోజు ఎడమ, కుడి అన్న మాటలకు మనం తగిలించుకున్న అర్థాలతో 1975ను చదివితే తల తిరుగుతుంది.

ఇటీవలి ఉదాహరణ పోలండ్. 2021 శరదృతువులో బెలారుస్ సరిహద్దు గుండా ఇరాక్, సిరియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్లను ఆపడానికి ఆ ప్రభుత్వం అత్యవసర మండలం ప్రకటించింది, పత్రికలవాళ్లను కూడా లోపలికి రానివ్వలేదు. మరుసటి ఏడాది అక్కడ 186 కిలోమీటర్ల ఉక్కు గోడ కట్టింది. గోడ పని నడుస్తుండగానే, 2022 ఫిబ్రవరి 24 తర్వాత అదే ప్రభుత్వం ఉక్రెయిన్ వైపు నుంచి లక్షల మందిని లోపలికి పిలిచింది. ప్రభుత్వం అదే, ఓటర్లు వాళ్లే, మధ్యలో కొన్ని నెలలే తేడా. యూరోపియన్ యూనియన్ కూడా 2001లో రాసుకుని ఇరవై ఏళ్లు బీరువాలో ఉంచిన తాత్కాలిక రక్షణ చట్టాన్ని 2022 మార్చి 4న మొదటిసారి వాడింది. సిరియా వాళ్ల కోసం 2015లో దాన్ని తీయలేదు.

దీన్ని చూసి చాలామంది ‘అంతా రంగూ మతమే’ అని తేల్చేస్తారు. అందులో నిజం ఉంది, కానీ మొత్తం నిజం కాదు. 15 యూరప్ దేశాల్లో 18 వేల మందిని అడిగి 2016లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, క్రైస్తవ శరణార్థుల కన్నా ముస్లిం శరణార్థులను జనం తక్కువగా ఒప్పుకున్నారన్నది స్పష్టంగా తేలింది. దాంతోపాటు పని నైపుణ్యం ఉన్నవాళ్లను, చెప్పే కథలో తేడాలు లేనివాళ్లను, హింసకు గురైనవాళ్లను ఎక్కువగా ఒప్పుకున్నారు. ఉక్రెయిన్ విషయంలో శత్రువు ఎవరో ఎవరికీ అనుమానం లేదు. వచ్చినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ఎందుకంటే 18 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లను ఆ దేశం బయటికి వెళ్లనివ్వలేదు. పైగా యుద్ధం పక్కనే జరుగుతోంది, రేపు తమ మీదికి రావచ్చన్న భయం ఉంది. 2022లో అదే అధ్యయనాన్ని మళ్లీ చేశారు. ఉక్రెయిన్ వాళ్లు అంతమంది వచ్చాక కూడా మిగతా శరణార్థుల పట్ల మద్దతు తగ్గలేదు. నేను తగ్గుతుందనే అనుకున్నాను, తప్పైంది.

భావజాలం విషయంలో నేను వదిలేసుకున్న ఇంకో నమ్మకం, ‘కుడి అంటే వలసలకు వ్యతిరేకం, ఎడమ అంటే అనుకూలం’ అన్నది. టర్కీని చూడండి. సిరియా యుద్ధం వల్ల అక్కడికి ఒక దశలో 36 లక్షలకు పైగా శరణార్థులు చేరారు. మతపరమైన సంప్రదాయవాద ప్రభుత్వం వాళ్లను అతిథులన్నది, ప్రవక్త కాలంలో మక్కా నుంచి వలస వచ్చినవాళ్లకు మదీనా వాసులు ఆశ్రయమిచ్చిన కథతో పోల్చింది. 2023 అధ్యక్ష ఎన్నికల రెండో రౌండుకు ముందు ‘సిరియావాళ్లు వెళ్లిపోతారు’ అని పోస్టర్లు వేసింది ఎవరో తెలుసా? మధ్యే వామపక్ష, సెక్యులర్ ప్రతిపక్ష అభ్యర్థి. డెన్మార్క్‌లోనూ సోషల్ డెమొక్రాట్లు వలసల మీద కఠిన వైఖరి తీసుకుని 2019లో అధికారంలోకి వచ్చారు. పొరుగు యుద్ధం ఏ భావజాలంతో ముడిపడుతుందో ముందే చెప్పడం కష్టం. వచ్చినవాళ్లు ఎవరికి మిత్రులుగా కనిపిస్తారు, ఆ సమయానికి అధికారంలో ఎవరున్నారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక, చూసినదానికీ కలిసినదానికీ తేడా. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన ఇక్కడే ఉంది. 2015 సెప్టెంబర్‌లో ఆస్ట్రియాలోని అప్పర్ ఆస్ట్రియా రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. తీవ్ర కుడిపక్ష పార్టీ ఓటు రెట్టింపై 30 శాతం దాటింది. ఊరూరా లెక్క తీస్తే, శరణార్థులు గుంపులుగా దాటిపోయిన సరిహద్దు ఊళ్లలో ఆ పార్టీకి ఓట్లు ఎక్కువ పెరిగాయి. శరణార్థులకు నివాసం ఇచ్చిన ఊళ్లలో మాత్రం పెరుగుదల తక్కువగా ఉంది. గ్రీసు దీవుల్లో జరిగింది మొదటి రకం. టర్కీ తీరానికి దగ్గరగా ఉండి వేలమంది దిగిన దీవుల్లో, అదే ఏడాది జనవరికీ సెప్టెంబర్‌కూ మధ్య నియోనాజీ పార్టీకి ఓటు సుమారు 2 శాతం పాయింట్లు ఎక్కువ పెరిగింది. ఆ శరణార్థులు అక్కడ ఉండిపోలేదు, ఒకటి రెండు రోజుల్లో పడవెక్కి వెళ్లిపోయారు. ఉద్యోగాలు పోలేదు, ఇళ్ల అద్దెలు పెరగలేదు. కళ్ల ముందు గుంపు కదిలిపోవడమే చాలింది. పేరు తెలిసేంత, పలకరించుకునేంత సమయం దొరికిన చోట కథ వేరుగా నడిచింది.

ఇది అన్నిచోట్లా పనిచేసే మందు కాదు. తగిన ఏర్పాట్లు లేకుండా చిన్న ఊరి మీద పెద్ద శిబిరం పెడితే పరిచయం కాదు, పోట్లాట పెరుగుతుంది. అయినా మీ స్నేహితుడు ఎక్కడ ఉంటాడు, అతనికి ఒక్క శరణార్థి అయినా పేరుతో తెలుసా అన్నది నాకు అతని పార్టీ కన్నా ముఖ్యమైన సమాచారం.

మధ్యలో చిన్న మాట. సంఘటన ఎక్కడో జరిగినా ఇక్కడ అభిప్రాయాలు కదులుతాయా అన్నదానికి మంచి రుజువు 2002 నాటిది. అక్టోబర్ 12న ఇండోనేషియాలోని బాలిలో బాంబులు పేలి 202 మంది చనిపోయారు. అదే సమయంలో యూరప్‌లో ఒక పెద్ద సర్వే నడుస్తోంది. పేలుళ్లకు ముందు జవాబిచ్చినవాళ్లనూ తర్వాత జవాబిచ్చినవాళ్లనూ పోల్చి చూశారు. పోర్చుగల్ లాంటి కొన్ని దేశాల్లో వలసదారుల మీద వ్యతిరేకత పెరిగింది, మరికొన్నిట్లో ఏమీ కాలేదు. స్థానికంగా నిరుద్యోగం ఎంత ఉంది, వలసదారులతో పరిచయాలకు ఎంత అవకాశం ఉంది అన్నవి ఆ తేడాలో కొంత భాగాన్ని వివరించాయి. బాలిలో బాంబు పేలితే లిస్బన్‌లో పనిచేస్తున్న వలస కూలీకి సంబంధం ఏమిటి? ఏమీ లేదు. కానీ మనసు అంత దూరం ఆలోచించదు.

వలసవచ్చినవాళ్ల సొంత రాజకీయం గురించి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. అయినా చెప్పాలి. యుద్ధం పారిపోయినవాళ్ల భావజాలాన్నే అన్నిటికన్నా గట్టిగా మలుస్తుంది, అది పిల్లల దాకా వెళుతుంది. క్యూబా నుంచి ఫ్లోరిడా వెళ్లినవాళ్లు దశాబ్దాలుగా ఎక్కువగా రిపబ్లికన్లకు ఓటేశారు, ఎందుకంటే వాళ్లు వదిలి వచ్చింది వామపక్ష ప్రభుత్వాన్ని. పైగా ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు తలుపు తీస్తారన్న హామీ లేదు. బోస్నియా యుద్ధం నుంచి చిన్నప్పుడు జర్మనీ వచ్చిన ఒకామెతో నేను ఫోన్‌లో మాట్లాడాను. వలసలు తగ్గాలా అంటే తడుముకోకుండా ‘బాగా తగ్గాలి’ అంది. ప్రశ్నావళిలో లేకపోయినా ‘మరి మీరూ...’ అన్నాను, అనకూడదు నిజానికి. ‘మా నాన్న మాకు ఇక్కడ స్థలం ఉందో లేదోనని పదేళ్లు నిద్రపోలేదు. ఇప్పుడు అందరూ నన్ను వీళ్లతో కలిపి చూస్తున్నారు’ అంది. ఆ జవాబులో ద్వేషం లేదు, తన చోటు పోతుందన్న టెన్షన్ ఉంది. బోస్నియా నుంచి జర్మనీ వచ్చిన సుమారు మూడున్నర లక్షల మందిలో ఎక్కువమందిని యుద్ధం ముగిశాక వెనక్కి పంపేశారు. ఆమె కుటుంబం మిగిలిపోయిన కొద్దిమందిలో ఒకటి.

ఇదంతా శాశ్వతమా అని మీరు చివర్లో అడిగారు. జనం అభిప్రాయం ఊగుతుంది, తిరిగి వస్తుంది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అక్టోబర్‌లో 58 శాతం అమెరికన్లు వలసలు తగ్గాలన్నారని గాలప్ లెక్క. అంతకు కొన్ని నెలల ముందు అది నలభై పై చిలుకే. 2020లో ‘పెరగాలి’ అన్నవాళ్లు 34 శాతం, ‘తగ్గాలి’ అన్నవాళ్లు 28 శాతం. పెరగాలన్నవాళ్లు ఎక్కువ కావడం గాలప్ చరిత్రలో అదే మొదటిసారి. 2024లో ‘తగ్గాలి’ మళ్లీ 55కు ఎగబాకింది, 2025లో 30కి దిగింది. ఈ చివరి ఊపులకు కారణం విదేశీ యుద్ధం కాదు, సరిహద్దు దగ్గర రద్దీ, దాని చుట్టూ జరిగిన రాజకీయం. అయినా ఊపు స్వభావం అదే.

తిరిగి రానిది చట్టం. యుగోస్లావియా యుద్ధాల కాలంలో, 1992లో జర్మనీకి 4 లక్షల 38 వేల ఆశ్రయ దరఖాస్తులు వచ్చాయి. రోస్టాక్‌లో వలసదారుల నివాసం మీద మూకలు దాడి చేశాయి. 1993లో ఆశ్రయ హక్కును కుదిస్తూ ఏకంగా రాజ్యాంగాన్నే సవరించారు. బాల్కన్ యుద్ధాలు ముగిసి పాతికేళ్లు దాటింది, ఆ సవరణ అలాగే ఉంది. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైనిక దాడి మార్చి 25 రాత్రి మొదలైంది, దాదాపు కోటి మంది భారత్‌లోకి వచ్చారు. 1985 అస్సాం ఒప్పందంలో విదేశీయుల్ని గుర్తించి పంపడానికి పెట్టుకున్న గీత కూడా ఆ మార్చి 25నే. ఇంకో దేశంలో తుపాకి పేలిన రాత్రి, ఇక్కడ ఎవరు పౌరులు అన్న ప్రశ్నకు కొలబద్ద అయింది. దానిమీద రాజకీయం ఈ రోజుకీ నడుస్తోంది. అందుకే ఎవరైనా ‘జనం మూడ్ మారుతుందిలే’ అని ధైర్యం చెబితే నాకు ఊరట కలగదు. సిరియాలో అసద్ ప్రభుత్వం 2024 డిసెంబర్ 8న కూలింది. మర్నాడే జర్మనీ, ఆస్ట్రియా సిరియన్ల ఆశ్రయ దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆపేశాయి.

మీ స్నేహితుడి సంగతికి వస్తే, అతనితో మాట్లాడేటప్పుడు లెక్కలతో మొదలుపెట్టకండి. శరణార్థుల్లో ఎక్కువమంది ధనిక దేశాలకు కాదు, యుద్ధం జరిగే దేశపు పొరుగునే ఉంటారన్నది నిజమే. ఆ మాట నేను చాలామందికి చెప్పి చూశాను, ఒక్కరి జవాబు మారడం చూడలేదు. దానికన్నా ‘నీకు గుర్తుండిపోయిన దృశ్యం ఏది’ అని అడగండి. ఏ సంఘటన పేరు చెబుతాడో దాన్నిబట్టి అతనిలో లేచింది ఏ మాటో మీకు తెలుస్తుంది. ప్రభుత్వానికి పట్టు తప్పిందన్న భయమా, తన వాళ్లకు అందాల్సింది అందలేదన్న కోపమా, లేక నిజంగా ఒక మతం మీదో జాతి మీదో పెరిగిన ద్వేషమా? మొదటి రెండింటితో మాట్లాడే వీలుంది. మూడోదైతే యుద్ధాన్ని నిందించి లాభం లేదు, అది వేరే చోట పెరిగింది.

‘నేనెప్పుడూ ఇలాగే అనుకునేవాణ్ణి’ అని అతను అనే అవకాశం కూడా ఉంది. అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి. మా ప్యానెల్‌లో ఒకావిడ తన అభిప్రాయం ఎన్నడూ మారలేదని పట్టుబట్టింది. నాలుగేళ్ల కిందటి ఆమె కాగితం నా ముందే ఉంది, అందులో సరిగ్గా వ్యతిరేకంగా రాసి ఉంది. మనుషులు ఇప్పటి అభిప్రాయాన్నే వెనక్కి తీసుకెళ్లి పాత రోజులకు అతికించుకుంటారు. ఆ కాగితం ఆవిడకు చూపించే అనుమతి నాకు లేదు. మీ దగ్గర అతని పాత మెసేజ్‌లు ఉండే ఉంటాయి, మీకు ఆ అడ్డు లేదు. కాకపోతే నలుగురిలో తీయకండి, ఇద్దరే ఉన్నప్పుడు తీయండి.